హిప్‌హాప్: సామాజిక, సాంస్కృతిక ప్రభావం

1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు అపార్ట్‌మెంటు కింది భాగంలోని హాలులో ఒక పార్టీ జరిగింది. బడులు తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలని సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఆ హాలు అద్దెకు తీసుకుంది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్టు. రికార్డులు వేసే పని ఆమె అన్న క్లైవ్ చూసుకున్నాడు. జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి, 1967లో బ్రాంక్స్ చేరిన ఈ కుర్రాడినే తరువాత లోకమంతా డీజే కూల్ హెర్క్ అని పిలిచింది. ఒక కళారూపానికి ఇలా తేదీ, ఇంటి నంబరు, టికెట్టు ధరతో సహా పుట్టుపూర్వోత్తరాలు దొరకడం అరుదు. నిజానికి హిప్‌హాప్ ఒక్క రాత్రిలో పుట్టలేదు. కానీ దాన్ని ప్రేమించేవాళ్లు ఆ రాత్రినే పుట్టినరోజుగా జరుపుకుంటారు.

హిప్‌హాప్ అంటే ర్యాప్ ఒక్కటే కాదు. రికార్డులను చేత్తో ఆడిస్తూ సంగీతం సృష్టించే డీజే, మైకు పట్టుకుని లయబద్ధంగా మాటలు కురిపించే ఎంసీ, నేల మీద గిరగిరా తిరిగే బ్రేక్ డాన్సరు, గోడలమీదా రైలు పెట్టెలమీదా రంగులు చల్లే గ్రాఫిటీ చిత్రకారుడు, ఈ నలుగురూ కలిస్తేనే ఆ సంస్కృతి. వీళ్లలో ఎంసీకి మాత్రమే రికార్డు కంపెనీల తలుపులు బార్లా తెరుచుకోవడంతో మిగతా ముగ్గురూ కాస్త వెనకబడ్డారు.

అప్పటి బ్రాంక్స్ పరిస్థితి తెలియకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. రాబర్ట్ మోజెస్ అనే అధికారి పట్టుబట్టి వేయించిన క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే పనులు 1948లో మొదలై 1972 దాకా సాగాయి. ఇళ్ల మధ్య నుంచి దూసుకుపోయిన ఆ రహదారి వేల కుటుంబాలను చెల్లాచెదురు చేసింది. స్తోమత ఉన్న తెల్లవాళ్లు శివార్లకు వెళ్లిపోయారు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మిగిలిన నల్లజాతి, ప్యూర్టోరికో, కరీబియన్ కుటుంబాలు పాత భవనాల్లో అద్దెకుండేవి. అద్దెలు గిట్టుబాటు కాని యజమానులు కొందరు బీమా సొమ్ము కోసం సొంత భవనాలకే నిప్పు పెట్టించారు. 1975లో నగరపాలన దివాలా అంచుకు చేరి, వేలమంది ఉపాధ్యాయులను ఇంటికి పంపింది. బడుల్లో సంగీతం క్లాసులు తగ్గిపోయాయి. వాయిద్యం కొనలేని, నేర్చుకునే చోటు లేని పిల్లలకు ఇంట్లో అమ్మానాన్నల పాత రికార్డులూ, వాటిని తిప్పే యంత్రమూ మాత్రం ఉన్నాయి. వాళ్లు వాటినే వాయిద్యాలుగా మార్చుకున్నారు.

ఆ వీధుల్లో ముఠా తగాదాలు కూడా తక్కువేం కాదు. 1971 డిసెంబరులో గొడవ ఆపడానికి వెళ్లిన ఘెట్టో బ్రదర్స్ ముఠా సభ్యుడు బ్లాక్ బెంజీ హత్యకు గురయ్యాడు. ప్రతీకారంతో ఊరు తగలబడుతుందని అందరూ అనుకుంటుండగా, ఆ ముఠా నాయకులే హో అవెన్యూలోని ఒక క్లబ్బులో అన్ని ముఠాలనూ కూర్చోబెట్టి సంధి కుదిర్చారు. ఆ సంధి తగాదాలన్నిటికీ ముగింపు పలకలేదు గానీ, ఒక పేట కుర్రాళ్లు మరో పేటలో జరిగే పార్టీకి వెళ్లే వీలు కలిగింది. పోటీ కత్తుల మీంచి డాన్సు మీదికీ, మాట మీదికీ మళ్లిందని అప్పటివాళ్లు చెప్పుకుంటారు. కొంత తీపి కలిపి చెప్పే కథే అయినా అందులో నిజం లేకపోలేదు.

హెర్క్ చేసిన పని వినడానికి చాలా చిన్నది. పాటలో గాత్రం ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే కొన్ని క్షణాలకే జనం ఎక్కువ ఊగిపోతున్నారని అతను గమనించాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో అదే ముక్క మొదలుపెట్టి, కొన్ని క్షణాల దరువును నిమిషాల తరబడి సాగదీశాడు. ఆ దరువు మీద ఆడినవాళ్లే తొలి బ్రేక్ డాన్సర్లు. ఈ పద్ధతికి డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ గడియారం ముల్లంత కచ్చితత్వం తెచ్చాడు. రికార్డును సూది కింద ముందుకూ వెనక్కూ గీకి శబ్దం పుట్టించే ‘స్క్రాచ్’ను గ్రాండ్ విజర్డ్ థియోడర్ కనిపెట్టాడు. డీజే పక్కన నిలబడి జనాన్ని హుషారు చేసే కుర్రాడి కేకలు క్రమంగా ప్రాసలయ్యాయి, ప్రాసలు కథలయ్యాయి. బుర్రకథలో వంతలు ‘తందాన’ అందుకోవడం ఎరిగిన తెలుగువాళ్లకు, ఎంసీ కేకకు జనం గొంతు కలపడం కొత్తగా అనిపించదు. రెంటికీ చుట్టరికం ఏమీ లేదు. ర్యాప్ వేళ్లు జమైకా సౌండ్ సిస్టమ్ పార్టీల్లోనూ, నల్లజాతి చర్చి ప్రసంగాల్లోనూ, వీధి పరాచికాల్లోనూ ఉన్నాయి.

ఆరేళ్లపాటు ఇది రికార్డుల్లోకి ఎక్కలేదు. పార్టీకి వెళ్తేనో, చేతులు మారే క్యాసెట్లలోనో వినాలి. 1979లో న్యూజెర్సీలో సిల్వియా రాబిన్సన్ అనే గాయని, నిర్మాత, ముగ్గురు కుర్రాళ్లను పోగేసి షుగర్‌హిల్ గ్యాంగ్ పేరుతో ‘రాపర్స్ డిలైట్’ విడుదల చేసింది. షీక్ బృందం ‘గుడ్ టైమ్స్’ దరువును అందులో వాడుకున్నారు. ఆ పాట రచయితలు అడ్డుపడితే వాళ్ల పేర్లు చేర్చక తప్పలేదు. ముగ్గురిలో ఒకడు పాడిన చరణాలు బ్రాంక్స్ ర్యాపర్ గ్రాండ్‌మాస్టర్ కాజ్ రాసుకున్నవి. వాటికి మాత్రం అతనికి పేరూ దక్కలేదు, పైకమూ దక్కలేదు. అమెరికా పాప్ పట్టికలో తొలి 40 పాటల్లోకి ర్యాప్ చేరింది ఇలాగే. వీధి కళకూ వ్యాపారానికీ మధ్య ఆనాడు మొదలైన పేచీ ఇంకా తెగలేదు.

1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ది ఫ్యూరియస్ ఫైవ్ పేరుతో వచ్చిన ‘ది మెసేజ్’ ర్యాప్‌కు వేరే దారి చూపింది. అంతదాకా పార్టీ సరదాగా సాగిన పాట, పగిలిన గాజుపెంకులూ ఎలుకలూ అప్పులవాళ్లూ నిండిన బతుకును చెప్పింది. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2002 సంవత్సరానికి శాశ్వతంగా భద్రపరచదగ్గ రికార్డుల తొలి జాబితాను ప్రకటించినప్పుడు అందులో ఈ పాట ఉంది. అదే 1982లో డీజే ఆఫ్రికా బంబాటా ‘ప్లానెట్ రాక్’లో జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ బాణీని బ్రాంక్స్ దరువుతో కలిపాడు. హిప్‌హాప్ ఏ దేశపు శబ్దాన్నైనా తనలో కలుపుకోగలదని అప్పుడే తేలిపోయింది.

పోలీసులతో, ప్రభుత్వంతో ఈ కళకున్న సంబంధమే దాని సామాజిక చరిత్రలో అతి ముఖ్యమైన అధ్యాయం. 1988లో లాస్ ఏంజెలెస్ పక్కనున్న కాంప్టన్ నుంచి ఎన్‌.డబ్ల్యు.ఏ. అనే బృందం ‘స్ట్రెయిట్ ఔటా కాంప్టన్’ ఆల్బమ్‌తో వచ్చింది. నల్ల కుర్రాళ్లను పోలీసులు నడివీధిలో ఆపి సోదా చేయడం మీద అందులో ఒక బూతుల పాట ఉంది. దాన్ని రేడియోలు దాదాపుగా ముట్టుకోలేదు. 1989 ఆగస్టులో ఎఫ్‌బీఐ అధికారి ఒకరు రికార్డు కంపెనీకి నేరుగా ఉత్తరం రాసి, ఆ పాట పోలీసుల మీద హింసను రెచ్చగొడుతోందని అభ్యంతరం చెప్పారు. అంతకు మించిన ప్రచారం ఆ బృందానికి ఎవరూ చేసిపెట్టలేకపోయేవారు. 1991లో అదే లాస్ ఏంజెలెస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని పోలీసులు చితకబాదిన వీడియో బయటపడింది. ఆ పోలీసులను నిర్దోషులుగా తేల్చిన 1992 తీర్పుతో లాస్ ఏంజెలెస్ భగ్గుమంది. ఆ ర్యాపర్ల పాటలను అతిశయోక్తులని కొట్టిపారేసినవాళ్లు రెండోసారి వినవలసి వచ్చింది.

తూర్పు తీరంలో పబ్లిక్ ఎనిమీ బృందం ఇదే కోపాన్ని రాజకీయ భాషలో పలికింది. స్పైక్ లీ 1989లో తీసిన ‘డూ ది రైట్ థింగ్’ సినిమాకు వాళ్ల ‘ఫైట్ ది పవర్’ ఊపిరి. పాతికేళ్ల తరువాత, 2015 నాటి ‘బ్లాక్ లైవ్స్ మ్యాటర్’ ఊరేగింపుల్లో ర్యాపర్ కెండ్రిక్ లమార్ పాట ‘ఆల్‌రైట్’ నినాదమై వినిపించింది. అదే లమార్‌కు 2018లో ‘డ్యామ్’ ఆల్బమ్‌కు గాను సంగీత విభాగంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. శాస్త్రీయ, జాజ్ సంగీతాలకు వెలుపల ఆ బహుమతి వెళ్లడం అదే మొదలు.

బహుమతులిచ్చే దేశమే ర్యాప్ చరణాలను కోర్టులో సాక్ష్యంగా కూడా వాడుతోంది. జార్జియాలో ర్యాపర్ యంగ్ థగ్ మీద 2022లో మొదలైన కేసులో అతని పాటల్లోని పంక్తులను ప్రాసిక్యూషన్ చదివి వినిపించింది. హత్యల గురించి నవల రాసినవాణ్ని హంతకుడని ఎవరూ అనరు, ర్యాపర్‌కు మాత్రం ఆ వెసులుబాటు ఎందుకు లేదన్నది విమర్శకుల వాదన. 2022లోనే కాలిఫోర్నియా రాష్ట్రం కళాకారుల సృజనను సాక్ష్యంగా వాడటంపై ఆంక్షలు పెడుతూ చట్టం చేసింది.

న్యాయస్థానాలు హిప్‌హాప్ శబ్దాన్నే మార్చిన సందర్భం మరొకటి ఉంది. పాత రికార్డుల నుంచి చిన్న చిన్న ముక్కలు తీసుకుని కొత్త పాట కట్టడాన్ని శాంపిలింగ్ అంటారు. 1980ల చివర్లో పబ్లిక్ ఎనిమీ, డి లా సోల్ బృందాలు ఒక్కో పాటలో లెక్కకు మించిన ముక్కలు పేర్చాయి. 1991 డిసెంబరులో ర్యాపర్ బిజ్ మార్కీ మీద గాయకుడు గిల్బర్ట్ ఓసలివాన్ వేసిన కేసులో న్యాయమూర్తి, దొంగతనం చేయరాదన్న బైబిల్ ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టాడు. ఆ తరువాత ప్రతి ముక్కకూ ముందే అనుమతి, రుసుము తప్పనిసరయ్యాయి. ముక్కల కుప్పతో పాట కట్టడం ధనికులకు మాత్రమే సాధ్యమైంది. ఈ చిక్కుల వల్లనే డి లా సోల్ తొలి ఆల్బమ్‌లు 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌లో దొరకలేదు. ఈ కథలో మన వాటా కూడా ఉంది. 2002లో ట్రూత్ హర్ట్స్ పాడిన ‘అడిక్టివ్’లో, బప్పీ లహరి స్వరపరచగా లతా మంగేష్కర్ పాడిన హిందీ సినిమా పాటను అనుమతి లేకుండా వాడారు. కేసు లాస్ ఏంజెలెస్ కోర్టుకు వెళ్లింది, లహరి పేరు చేర్చేదాకా అమ్మకాలు ఆపాలన్న ఉత్తర్వు వచ్చింది.

బట్టల విషయంలోనూ ఇదే గొడవ తలకిందులుగా నడిచింది. హార్లెమ్‌లో డాపర్ డాన్ అనే దర్జీ 1982లో దుకాణం తెరిచి, గూచీ, ఫెండీ, లూయీ విటాన్ ముద్రలు అచ్చేసిన తోలుతో ర్యాపర్లకు, బాక్సర్లకు కోట్లు కుట్టాడు. ఆ కంపెనీలు అలాంటి కోట్లు తయారుచేసేవి కావు, వాటి దుకాణాల్లో నల్లవాళ్లకు మర్యాదా అంతంతే. ఆయన మాత్రం గిరాకీకి తగ్గట్టు కుట్టి ఇచ్చాడు. కేసులు, దాడులు తట్టుకోలేక 1992లో దుకాణం మూసేశాడు. 2017లో గూచీ ఒక ఫ్యాషన్ ప్రదర్శనలో చూపిన జాకెట్టు ఆయన పాత డిజైనుకు నకలని జనం పసిగట్టారు. నిందలు వెల్లువెత్తడంతో కంపెనీ ఆయనతో చేయి కలిపి, మరుసటి ఏడాది హార్లెమ్‌లోనే ఆయనకు కొత్త దుకాణం ఏర్పాటు చేసింది.

రన్-డిఎంసి బృందానికి మాత్రం ఆ అవస్థ లేకపోయింది. 1986లో వాళ్లు అడిడాస్ బూట్ల మీద పాట కట్టారు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కచేరీలో బూట్లు పైకెత్తమంటే వేల చేతులు లేచాయి. దాన్ని కళ్లారా చూసిన కంపెనీ ప్రతినిధి పది లక్షల డాలర్ల ఒప్పందం ఇప్పించాడు. ఆటగాళ్లకు తప్ప సంగీతకారులకు అలాంటి ఒప్పందాలు అప్పటికి లేవు. 2019లో ఫోర్బ్స్ పత్రిక ర్యాపర్ జే-జీని తొలి హిప్‌హాప్ బిలియనీరుగా ప్రకటించింది. హిప్‌హాప్ లోకం నుంచి వచ్చినవాళ్లే, 2018లో వర్జిల్ అబ్లో, 2023లో ఫారెల్ విలియమ్స్ లూయీ విటాన్ పురుషుల విభాగానికి సారథులయ్యారు. డబ్బు గురించి సిగ్గుపడకుండా మాట్లాడటం హిప్‌హాప్‌కు మొదటి నుంచీ ఉన్న గుణం. లేమిలోంచి వచ్చినవాళ్లు బంగారు గొలుసు వేసుకుంటే అది విజయమా, మార్కెట్టుకు లొంగుబాటా అన్న చర్చకు అంతులేదు.

ఆడవాళ్ల విషయంలో ఈ సంస్కృతి చరిత్ర మచ్చలేనిదేమీ కాదు. స్త్రీలను వస్తువులుగా చూపే పాటలూ వీడియోలూ కోట్లు గడించాయి. టెలివిజన్ విలేకరి డీ బార్న్స్‌ను 1991లో ఎన్‌.డబ్ల్యు.ఏ. సభ్యుడు డాక్టర్ డ్రె కొట్టాడు. తాను హింసించిన స్త్రీలకు అతను బహిరంగంగా క్షమాపణ చెప్పేసరికి 2015 వచ్చింది. 2004లో అట్లాంటాలోని స్పెల్మన్ కాలేజీలో ర్యాపర్ నెల్లీ ఫౌండేషన్ ఎముక మజ్జ దాతల శిబిరం పెట్టబోతే, అతని ఒక వీడియోలో స్త్రీలను చూపిన తీరు గురించి ముందు మాట్లాడాలని నల్లజాతి విద్యార్థినులు పట్టుబట్టారు. ఫౌండేషన్ శిబిరాన్నే రద్దు చేసుకుంది. తమ సంగీతాన్ని బయటివాళ్లు తిడితే అడ్డుకుంటూనే, లోపలి తప్పును ఎత్తిచూపడం ఎంత కష్టమో ఆ ఘటన చెబుతుంది.

అయితే స్త్రీలు ఈ కథలో బాధితులు మాత్రమే కాదు. తొలి పార్టీ ఏర్పాటు చేసింది సిండీ, తొలి హిట్టు నిర్మించింది సిల్వియా. క్వీన్ లతీఫా 1993లో వీధి వేధింపుల మీదా, ఇంటి హింస మీదా పాడిన ‘యూనిటీ’కి గ్రామీ దక్కింది. 1999లో ఏడాది ఉత్తమ ఆల్బమ్ గ్రామీ అందుకున్న తొలి హిప్‌హాప్ రికార్డు లారిన్ హిల్‌ది.

హిప్‌హాప్ అమెరికా దాటి వెళ్లిన ప్రతిచోటా తొలి దశ అనుకరణే. రెండో దశలో కుర్రాళ్లు సొంత భాషలో సొంత వీధి గురించి పాడటం మొదలుపెట్టారు. దాని అసలు ప్రభావం అక్కడి నుంచే లెక్కపెట్టాలి. ఫ్రాన్స్‌లో 1984లోనే సిడ్నీ అనే వ్యాఖ్యాత టీవీలో వారం వారం హిప్‌హాప్ కార్యక్రమం నడిపాడు. 1994లో చేసిన చట్టం రేడియోలు 40 శాతం ఫ్రెంచి పాటలు వేయాలని నిర్దేశించి, 1996 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంగ్లీషు ధాటి నుంచి ఫ్రెంచిని కాపాడాలన్న ఆ చట్టం వల్ల బాగా లాభపడినవాళ్లలో పారిస్, మార్సెయ్ శివారుల్లోని ఆఫ్రికా, అరబ్ వలస కుటుంబాల ర్యాపర్లు ఉన్నారు. చట్టం చేసినవాళ్లు దీన్ని ఊహించి ఉండరు.

ట్యునీషియాలో స్ఫాక్స్ పట్టణపు ర్యాపర్ ఎల్ జెనెరాల్ 2010 చివర్లో అధ్యక్షుణ్ని నేరుగా నిలదీస్తూ పాట పాడి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. 2011 జనవరి మొదట్లో పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. అదే నెల 14న అధ్యక్షుడు బెన్ అలీ దేశం వదిలి పారిపోయాడు. పాట వల్లే ప్రభుత్వం కూలిందనడం అమాయకత్వం, అయినా ఆ పాట ఊరేగింపుల్లో వినిపించింది. సెనెగల్‌లో అదే జనవరిలో కరెంటు కోతలతో విసిగిన ర్యాపర్లు, పాత్రికేయులు కలిసి ‘యెనామార్’ ఉద్యమం ప్రారంభించారు. ‘ఇక చాలు’ అన్నది దాని సారం. కేర్ గుయి బృందంలోని తియాత్, కిలిఫా అందులో ముందున్నారు. పాటలతో సరిపెట్టక, యువతను ఓటర్లుగా చేర్పించారు. మూడోసారి పీఠం కోసం నిలబడ్డ అధ్యక్షుడు అబ్దులాయ్ వాద్ 2012 మార్చిలో ఓడిపోయాడు. బ్రెజిల్‌లో సావోపాలో పేదపేటల బృందం రాసియొనాయిస్ 1997లో చేసిన ఆల్బమ్‌ను, కంపీనాస్ విశ్వవిద్యాలయం ప్రవేశపరీక్షకు తప్పక చదవాల్సిన సాహిత్యంలో చేర్చింది.

బ్రేక్ డాన్సు 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పోటీ అయింది. స్త్రీలలో జపాన్‌కు చెందిన ఆమీ, పురుషులలో కెనడాకు చెందిన ఫిల్ విజర్డ్ స్వర్ణాలు గెలిచారు. 2028లో ఒలింపిక్స్ హిప్‌హాప్ పుట్టిన దేశానికే వెళ్తున్నా, లాస్ ఏంజెలెస్ క్రీడల జాబితాలో ఈ డాన్సుకు చోటు లేదు.

భారతదేశంలో బాబా సెహగల్ 1992లో ‘ఠండా ఠండా పానీ’తో ర్యాప్‌ను ఇంటింటికీ చేర్చాడు. అది సరదా పాట, వీధి గోడు కాదు. ఆ గోడు వినిపించడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ముంబయి కుర్లాకు చెందిన నేజీ ఒక ఐప్యాడ్‌తోనే పాట రికార్డు చేసి, వీడియో తీసి 2014లో విడుదల చేశాడు. మరుసటి ఏడాది అంధేరీ కుర్రాడు డివైన్‌తో కలిసి ‘మేరే గల్లీ మే’ చేశాడు. వీళ్ల జీవితాల స్ఫూర్తితో జోయా అఖ్తర్ 2019లో తీసిన ‘గల్లీ బాయ్’ ఆ బస్తీ పాటను మల్టీప్లెక్సుకు చేర్చింది.

తమిళనాడులో ఈ కళ కులం ప్రశ్నను ఎత్తుకుంది. దర్శకుడు పా. రంజిత్ చొరవతో 2017లో ఏర్పడిన ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ చెన్నై పేటల గానా పాటనూ, ర్యాప్‌నూ కలిపి రిజర్వేషన్ల గురించీ, వివక్ష గురించీ పాడింది. అందులోంచి వచ్చిన అరివు 2021లో గాయని ధీతో కలిసి చేసిన ‘ఎంజాయ్ ఎంజామీ’ భూమిలేని కూలీల పాట. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసిన తన అవ్వ వల్లియమ్మాళ్ జ్ఞాపకాల నుంచి అతను దాన్ని అల్లాడు. కోట్లమంది విన్నారు. ఆ ఏడాదే ఒక ప్రసిద్ధ సంగీత పత్రిక తన ముఖచిత్రంలో అరివును వదిలేసినప్పుడు, వివక్ష గురించి పాట రాసినవాణ్నే పక్కకు నెట్టారేమిటని పెద్ద దుమారం రేగింది. నలభై ఏళ్ల కిందటి గ్రాండ్‌మాస్టర్ కాజ్ ఉదంతం ఎరిగినవాళ్లకు ఇది కొత్త వింత కాదు.

తెలుగువాళ్లకు హిప్‌హాప్ మొదట పాటగా కాక ఆటగా, సినిమా తెర మీంచి దిగివచ్చింది. 1987లో ‘పసివాడి ప్రాణం’లో చిరంజీవి చేసిన బ్రేక్ డాన్సు కోసం కుర్రకారు టికెట్టు మీద టికెట్టు కొన్నారు. ఆ తరువాత కాలేజీ వార్షికోత్సవాల్లో, వినాయక పందిళ్లలో ఒంటిని విరిచి ఆడే కుర్రాడు లేని ఊరు అరుదు. బ్రాంక్స్ పేరు వాళ్లలో ఎందరికి తెలుసో అనుమానమే. ర్యాప్ ఇంకా ఆలస్యంగా వచ్చింది. నోయెల్ షాన్, రోల్ రైడా, ప్రణవ్ చాగంటి వంటివాళ్లు తెలుగులో ర్యాప్ చేసి పేరు తెచ్చుకున్నారు. రోల్ రైడా 2018లో బిగ్‌బాస్ ఇంటికి వెళ్లడంతో ర్యాపర్ అనే వృత్తి ఒకటుందని టీవీ ముందు కూర్చునే పెద్దవాళ్లకూ తెలిసింది. అదే ఏడాది హైదరాబాదు కుర్రాడు రుహాన్ అర్షద్ ‘మియా భాయ్’తో పాతబస్తీ దక్కనీ యాసను దేశమంతటా వినిపించాడు.

అమెరికాలో తెలుగు తల్లిదండ్రులకు పుట్టిన శ్వేతా యల్లాప్రగడ రావు, రాజకుమారి పేరుతో ర్యాపర్‌గా ఎదిగింది. చిన్ననాడు నేర్చుకున్న కూచిపూడి, భరతనాట్యాల జతుల నడక ఆమె ర్యాప్‌లో తెలుస్తుంది. డివైన్‌తో కలిసి ‘సిటీ స్లమ్స్’ పాడి, ‘గల్లీ బాయ్’లో కాసేపు కనిపించింది కూడా. ఆమె తెలుగు మూలాలు ఆమె లయలో దొరికినంతగా భాషలో దొరకవు.

తెలుగు ర్యాప్ ఇంకా చాలావరకు సినిమా పాటల నీడలోనే బతుకుతోంది. ఒక చరణం, ఒక ప్రచార గీతం, హీరో రంగప్రవేశంలో నాలుగు పంక్తులు, దాని వాటా తరచుగా ఇంతే. ముంబయిలో గల్లీ ముందు పుట్టి సినిమా తరువాత వచ్చింది, ఇక్కడ వరస తిరగబడింది. ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ యాసల్లో ర్యాపర్లు సొంతంగా పాడుకుని యూట్యూబ్‌లో పెడుతున్న పాటలు ఈ మధ్య పెరుగుతున్నాయి. వాటిలో బతుకుతెరువు గురించీ, ఉద్యోగం లేని ఇంజినీరింగు పట్టా గురించీ, కులం గురించీ మాట్లాడే పాటలు తక్కువే అయినా, ఆ తక్కువలోనే ఎక్కువ విషయం ఉంది.